పెనిమిటి పేరు

ఫోను మోగేసరికి జెస్సికా రెండు చేతులకూ మామిడికాయ జిడ్డు అంటుకుని ఉంది. పొయ్యి మీద కుక్కర్ మూడో కూతకు ఊపిరి బిగబట్టింది. చార్లీ పరుగున వచ్చి ఫోను ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాడు.

“జెస్సికా గారేనా? నేను పద్మావతిని, విచారణ అధికారిని. మీ దరఖాస్తు ఒప్పుకున్నానమ్మా. రేపు పదకొండింటికి సంగారెడ్డిలో మినారా వాంగ్మూలం మళ్ళీ మొదటి నుంచి తీసుకుంటున్నా. మీరు వచ్చి కూర్చోవచ్చు.”

సరిగ్గా అప్పుడే కుక్కర్ కూసింది. ఆ కూత జెస్సికాకు పెళ్ళి బ్యాండు మేళంలా వినిపించింది.

“థాంక్యూ మేడమ్...”

“ఆగండి, పూర్తిగా వినండి. మీరు పరంజ్యోతి గారి కూతురని దరఖాస్తులో మీరే రాశారు. దాచలేదు కాబట్టే ఒప్పుకున్నా. అలాగని మీ ఒక్కరి మాట మీద నేనేమీ తేల్చను. అంతా రికార్డు చేసి, మీకు పరిచయం లేని ఇంకొకరికి వినిపిస్తా. దుబాసీగా కంపెనీ మనిషే ఉంటాడు. మీరు పక్కన కూర్చుని వినాలి. నేను అడిగితేనే నోరు తెరవాలి. సరేనా?”

“సరే మేడమ్. కంపెనీవాళ్ళకు నా పేరు...”

“చెప్పలేదు. ఆ భాష తెలిసినవాళ్ళు ఒకరు వస్తారని మాత్రం కబురు చేశాం.”

ఫోను పెట్టేయగానే చార్లీ ఆమెను నడుం పట్టి ఎత్తి గిర్రున తిప్పాడు. వంటిల్లు అగ్గిపెట్టంత. ఆమె కాలు తగిలి పోపుల డబ్బా దొర్లింది. ఆవాలు నేలంతా పరుచుకున్నాయి. ఇద్దరూ మోకాళ్ళ మీద కూర్చుని, ఒకరి చేతిలోవి ఒకరు కొట్టేస్తూ, ఆవాలు ఏరుకున్నారు. పెళ్ళయి నెల నిండలేదు. ఆ ఇంట్లో ఆవాలు ఏరడం కూడా పండగే.

ఏరుతూ ఏరుతూ జెస్సికా నవ్వు ఆగిపోయింది. ఒక ఆవగింజను గోటికింద పెట్టి చిదిమింది.

“దొరికిండు చార్లీ.”

“ఎవరు?”

“ప్రభాకర్ మామ.”

ఈ కథతో మొదటి నుంచీ నడిచి వస్తున్నవారికి ఆ పేరు వింటేనే ఒళ్ళు మండుతుంది. ఇప్పుడే వచ్చి కూర్చున్నవారి కోసం నాలుగు ముక్కలు. నిరుడు పాశమైలారంలో, జనం నీలం గేటు కంపెనీ అనుకునే రసాయనాల ఫ్యాక్టరీలో రియాక్టర్ పేలింది. లోపల చనిపోయినవాడు ఒక రోహింగ్యా కూలీ. బర్మాలో ఊరు తగలబడితే ప్రాణాలు అరచేత పెట్టుకుని ఇంత దూరం వచ్చినవాడు. వాడు మా మనిషే కాదు పొమ్మంది కంపెనీ. షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ పరంజ్యోతి దొంగచాటుగా లోపలికి తెచ్చుకున్నాడంది. చనిపోయినవాడి భార్య మినారాను అప్పటి విచారణకు పిలిచారు. ఆమె మాట ఒక్కరికీ అర్థం కాదు. అప్పుడు లేచి నిలబడ్డవాడు ప్రభాకర్. ఫ్యాక్టరీలకు కూలీలను సరఫరా చేసే కాంట్రాక్టరు, బెంగాలీ దంచి మాట్లాడతాడు, పైగా పరంజ్యోతికి చిన్ననాటి దోస్తు. మినారా చెప్పిందంటూ అతను తెలుగులో చెప్పినవి రెండే సంగతులు. మొగుడి పేరు ఆమెకు తెలియదు, మతి కూడా సరిగ్గా లేదు. రెండోది, ఆ మనిషిని పనికి తీసుకెళ్ళింది పరంజ్యోతి.

ఆ రెండో సంగతి పరంజ్యోతిని జైలుకు పంపింది. బెయిలు మీద వచ్చాక ఆయన గడప దాటేది చర్చికే. అక్కడ కూడా, రొట్టె, ద్రాక్షారసం ఉన్న పళ్ళెం తన దగ్గరకు వస్తే, తాను దానికి తగనన్నట్టు ముట్టుకోకుండా పక్కవాళ్ళకు జరిపేస్తాడు. పక్క వరసలో కూర్చున్న జెస్సికా అది చూసేది. ప్రార్థనలో శత్రువులను క్షమించే మాట వచ్చినప్పుడల్లా పెదవులు బిగించుకునేది. ఏడాదిగా ఆ మాట ఆమె నోట రాలేదు.

దేవుడు ఆమెకు వేరే దారి చూపాడు. ఎమ్మేలో భాషాశాస్త్రం చదివేటప్పుడు బాలాపూర్ వైపు బస్తీలో రోహింగ్యా ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాళ్ళ మాటలు పోగేసింది. పోగేస్తూ ఆ భాషా, దానికి దగ్గరి చుట్టమైన బెంగాలీ కూడా నేర్చుకుంది; ఆ సంగతి ప్రభాకర్‌కు తెలియదు. ఆసుపత్రిలో డాక్టరమ్మలకూ వాళ్ళకూ మధ్య నిలబడి కాన్పులు కూడా చేయించింది. ఆ చదువు ఇలా పనికొస్తుందని ఆమె కలలోనూ అనుకోలేదు.

*

పప్పు తాలింపు పెట్టేసరికి కింద హారను మోగింది. మామిడిపండ్ల పెట్టె భుజాన పెట్టుకుని ప్రభాకర్ స్వయంగా మెట్లెక్కి వచ్చాడు.

“ఏం బిడ్డా, కొత్త కాపురం మంచిగున్నదా?”

జెస్సికా చేతిలోని గరిటెను పిడికిట్లో బిగించింది. ముఖం మాత్రం విచ్చుకుంది. “మంచిగున్నది మామా. లోపటికి రా. చార్లీ, మామ అచ్చిండు సూడు!”

“ఓర్నీ, మొగన్ని పేరు పెట్టి పిలుస్తున్నవా? మీ నాయినమ్మ వింటె గూబ పలగ్గొడ్తది.”

“పిలవనీకే గద మామా పేరు పెట్టింది.”

ప్రభాకర్ పకపకా నవ్వి కుర్చీలో చతికిలబడ్డాడు. ఇల్లంతా కలియజూశాడు. “నేనిచ్చిన మిక్సీ యాడ?”

“లోపట భద్రంగున్నది మామా.” భద్రంగానే ఉంది, అట్టపెట్టె కూడా విప్పకుండా మంచం కింద. ఆ ఇంట్లో పచ్చళ్ళన్నీ రోట్లోనే నూరుతున్నారు.

“మీ డాడీకి జెర నువ్వన్న చెప్పు బిడ్డా. రేపు మల్ల విచారణ పెట్టిండ్రు. ‘పాపమని తెచ్చిన, తప్పయింది’ అనుమను. ఒక్క మాట. మేనేజర్ వెంకటేశ్వరరావు సారు అన్నడు, కేసు సల్లబడ్తది, కంపెనీ అరుసుకుంటదని.”

“డాడీ తేలే గద మామా.”

“తెచ్చిండో తేలేదో నాకేం ఎరుక? ఆమె చెప్పింది, నేను చెప్పిన. దుబాసీ అంటె పైపు లెక్క బిడ్డా. ఇటు పోస్తె అటు ఎల్తది. పైపుకేం పాపం?”

చాయ్ వడబోస్తున్న జెస్సికా ఆ మాటను గుండెలో గట్టిగా ముడి వేసుకుంది.

“గా భాష నీకెట్ల వచ్చు మామా?”

“బెంగాల్ల, హల్దియాల శానేండ్లు చేసిన. గది బెంగాలీనే, జెర సాగదీస్తరు, గంతే. రేపు ఇంకెవర్నో పట్టుకొస్తున్నరంట, గా భాష తెలిసినోల్లని. ఢిల్లీకెల్లి కావచ్చు.”

“ఢిల్లీకెల్లా!” జెస్సికా కళ్ళు చక్రాల్లా చేసింది. గుమ్మంలో నిలబడ్డ చార్లీ నవ్వు ఆగక దగ్గు తెచ్చుకున్నాడు.

అప్పుడే ప్రభాకర్ ఫోను మోగింది. అతను లేచి బయటికి పోలేదు. గొంతు కూడా తగ్గించలేదు. తెలుగువాళ్ళింట్లో బెంగాలీ మాట్లాడితే తలుపులు వేసుకుని మాట్లాడినట్టేనని అతని నమ్మకం. కాలు మీద కాలు వేసుకుని, జెస్సికా ముఖంలోకే చూస్తూ, మధ్యలో బిస్కెట్ కొరుకుతూ మాట్లాడాడు.

అతను అన్నది ఇదీ. “రేపు తెల్లారగానే వ్యాన్ పంపు. కంపెనీ డాక్టర్ పిలుస్తున్నాడని మినారాకు చెప్పు, వచ్చేస్తుంది. బిడ్డను కూడా ఎక్కించు. సికింద్రాబాద్‌లో తూర్పుకు పోయే రైలెక్కించి, అది కదిలేదాకా అక్కడే నిలబడు. నేను ఆఫీసులో ఉంటా. పారిపోయిందని చెప్తా. దొంగ పెళ్ళాం కాబట్టే పారిపోయిందంటా.”

జెస్సికా కప్పులో చాయ్ పోస్తోంది. ధార తెగలేదు. ఒక్క చుక్క సాసరులో పడలేదు. అందుకు ఆమెకు తన మీద తనకే ముద్దొచ్చింది.

“ఇంకో చెంచ చక్కెర ఎయ్యాల్నా మామా?”

“ఎయ్యి బిడ్డా. నువ్వు ఇచ్చినాంక వద్దంటనా?”

అతను చాయ్ తాగి, మూతి తుడుచుకుని, చార్లీ వీపు తట్టి వెళ్ళిపోయాడు. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా జెస్సికా గుమ్మంలో నవ్వుతూ నిలబడింది. తర్వాత ఆ కప్పును గిన్నెల్లో వేయకుండా తీసుకెళ్ళి చెత్తబుట్టలో పడేసింది.

“ఏమన్నడు ఫోన్ల?” అన్నాడు చార్లీ.

చెప్పింది. చార్లీ ముఖం ఎర్రబడింది. “ఇప్పుడే మేడమ్‌కు ఫోన్ చేద్దాం.”

“మేడమ్ ఏం చేస్తది? మామ నేననలే అంటడు, గంతే గద. ముందు మినారా దగ్గరికి పోదాం. బండి తియ్యి.”

*

ఇస్నాపూర్ చౌరస్తా దాకా లారీల పొగ. అయినా చార్లీ నడుం చుట్టూ చెయ్యి వేసి కూర్చుంటే ఆ పొగ కూడా అగరుబత్తి పొగలాగే ఉంది జెస్సికాకు. పాశమైలారం మళ్ళే దారిలో లారీలు ఆగే మైదానం, దాని వెనుక రేకుల షెడ్లు; మినారా అక్కడ ఉంటోందని జెస్సికాకు తెలిసి వారమైనా కాలేదు. చార్లీ దారి చూస్తూ బండి దగ్గరే నిలబడ్డాడు.

మినారా గోనెపట్టా మీద కూర్చుని ప్లాస్టిక్ సీసాల మూతలు వేరు చేస్తోంది. పక్కన గుడ్డ ఉయ్యాలలో ఆమె కూతురు షఫికా నిద్రపోతోంది.

జెస్సికా వెంటనే అసలు సంగతి ఎత్తలేదు. దుబాసీ పనికి అదే ఓనమాలు. ముందు ఊరి గురించి, వాన గురించి, వంట గురించి మాట్లాడాలి. ఎదుటి మనిషిది ఏ వైపు యాసో, మన మాట ఆమెకు ఎంత అందుతోందో చూసుకోవాలి. పొయ్యి మీద ఏముందని అడిగింది. ఈ ఎండల్లో బిడ్డ నిద్రపోతోందా అని అడిగింది. మినారా మూతలు తీయడం ఆపి ఆమెను తేరిపార చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కొంగు వెనుక నవ్వు.

“ఎందుకు నవ్వుతున్నావు?” అంది జెస్సికా. వాళ్ళిద్దరూ అనుకున్నవి తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటాయి.

“చూస్తే పెళ్ళికూతురులా ఉన్నావు. మాట్లాడితే పళ్ళూడిన ముసలమ్మలా ఉంది.”

“నాకు నేర్పిన గుల్‌బహార్ నానీకి ఒక్క పన్ను లేదు. నాకేం తెలుసు, మీ అందరి మాటా ఇంతేననుకున్నాను!”

ఇద్దరూ నవ్వారు. ఏడాదిలో తన భాషలో నవ్వడం అదే మొదటిసారి కాబోలు, మినారాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. అప్పుడు జెస్సికా వ్యాన్ సంగతి చెప్పింది. రైలు సంగతి చెప్పింది.

మినారా కదలలేదు. “రైలెక్కిస్తే ఎక్కుతాను. ఆఫీసుకు మాత్రం రాను. ఒకసారి వచ్చాను. నవ్వారు.”

“ఎందుకు నవ్వారు?”

“ఆయన పేరు అడిగారు. చెప్పాను. నవ్వారు.”

“చెప్పావా? నీకు పేరే తెలియదన్నావని రాసుకున్నారు వాళ్ళు.”

“కట్టుకున్నవాడి పేరు నోటితో ఎలా చెబుతాను? నువ్వు చెబుతావా?”

జెస్సికాకు చప్పున పెళ్ళినాటి గడప గుర్తుకొచ్చింది. ఆడబిడ్డలు చేతులు అడ్డం పెట్టి, పేరు చెబితేనే లోపలికి రానిస్తామన్నారు. ఆమె సిగ్గుపడుతూనే “చార్లీ” అని అరిచినంత పని చేసింది. ఆ రోజు నుంచి కావాలని పదిసార్లు పిలుస్తోంది. కానీ నాయనమ్మ సాయమ్మ? తాత పోయి ఇన్నేళ్ళయినా ఆయన పేరు ఆమె నోట రాదు. సర్వేవాళ్ళు వచ్చి అడిగితే “గొర్లు కాసి రాజైనోడు” అంటుంది. బైబిలు చదివినవాళ్ళు దావీదు అని రాసుకుని పోతారు. చదవనివాళ్ళు తల గోక్కుంటారు.

“మరి ఏమని చెప్పావు?”

“చేప మింగినవాడి పేరు అన్నాను. చేప కడుపులో ఉండి అల్లాను పిలిచాడే, ఆ ప్రవక్త పేరే ఆయన పేరు అన్నాను. మా దగ్గర చిన్నపిల్లలకు కూడా తెలిసిన కథ. ఇక్కడ ఎవరికీ తెలియదా?”

 ఆదివారం బడిలో గోడకు వేలాడే బొమ్మ జెస్సికా కళ్ళ ముందు నిలిచింది. నీలం సముద్రం, నోరు తెరిచిన పెద్ద చేప, లోపల మోకాళ్ళ మీద కూర్చున్న గడ్డపు మనిషి. వాళ్ళ చర్చిలో ఆయన యోనా. వీళ్ళకు...

“యూనుస్,” అంది మెల్లగా.

మినారా తల వంచుకుంది. కొంగు ముఖం మీదికి లాక్కుంది. పరాయి నోట ఆ పేరు వినడమే ఆమెకు తాను పలికినంత పనైంది.

ఆ రోజు ప్రభాకర్ అన్న మాట, నాన్న చెప్పగా విన్నది, గుర్తుకొచ్చింది జెస్సికాకు: “మొగుడి పేరు అడిగితే చేపల ముచ్చట చెప్తున్నది సార్, మతి తప్పినట్టున్నది.” అందరూ నవ్వారట. ఆ నవ్వులతోనే యూనుస్ అనే మనిషి లోకంలో లేకుండా పోయాడు.

“పేరు తర్వాత ఏమడిగారు?”

“ఆయన్ని పనికి ఎవరు తీసుకెళ్ళారని అడిగారు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ ప్రశ్న నాకు చెప్పినవాడే తీసుకెళ్ళినవాడు! ‘నువ్వే కదా’ అన్నాను. ‘పొద్దున్నే నువ్వే షెడ్డు దగ్గరికి వచ్చి, లోపల కడగాల్సింది ఉంది రమ్మని తీసుకెళ్ళావు కదా’ అన్నాను. కళ్ళలోకి చూసి మరీ అన్నాను.”

జెస్సికా ఆమె వైపు వంగింది. “అతనేమన్నాడు?”

“తల ఊపాడు. సరే సరే అన్నాడు. అటు తిరిగి పెద్దవాళ్ళకు చెప్పాడు. వాళ్ళూ తల ఊపి రాసుకున్నారు.” మినారా ఒక మూత తీసి కుప్పలో వేసింది. “ఒప్పుకున్నాడనుకున్నాను. అందరి ముందూ ఒప్పుకున్నాడు కదా. తర్వాత బయటికి వచ్చి చాయ్ తాగాడు. నాకూ ఒకటి ఇప్పించాడు. అప్పటి నుంచి చూస్తున్నాను, పోలీసులు వచ్చి పట్టుకుపోతారేమోనని. ఎవరూ రాలేదు. ఈ దేశంలో మాలాంటివాళ్ళను చంపితే ఒప్పుకుంటే చాలు కాబోలు అనుకున్నాను.”

ఏడాదిగా జెస్సికా ప్రభాకర్‌ను అబద్ధాలకోరు అనుకుంది. ఇప్పుడు ఆ మాట చాలలేదు. ఒక ఆడది తన ఎదురుగా కూర్చుని, నా మొగుణ్ణి తీసుకెళ్ళింది నువ్వే అంటే, తల ఊపి, అదే ఊపులో పక్కకు తిరిగి దోస్తు పేరు చెప్పాడు. పైపట. ఇటు పోస్తే అటు వెళ్తుందట.

“అతను ఒప్పుకోలేదు మినారా. ‘నువ్వే’ అన్న నీ మాటను తీసేసి, అక్కడ మా నాన్న పేరు పెట్టి చెప్పాడు.”

“మీ నాన్న ఎవరు?”

“ఆ రోజు గదిలో, రెండు చేతులకూ కట్లు కట్టుకుని ఒకాయన కూర్చున్నాడు, చూశావా?”

మినారా కళ్ళు పెద్దవయ్యాయి. “గోడ పక్కన. ఏడుస్తూ కూర్చున్నాడు. ఆయనకు దోస్తు కాబోలు అనుకున్నాను. ఆ గదిలో మా ఆయన కోసం ఏడ్చింది ఆయనొక్కడే.”

 మంటల్లోంచి యూనుస్‌ను మోసుకొచ్చిన చేతులవి. ఆ కట్లను కూడా విచారణలో ఎవరూ అడగలేదు.

మినారా లేచింది. ఇంతసేపూ నీరసంగా ఉన్న మనిషి నిటారుగా నిలబడింది. “అయితే వస్తాను. రేపు నువ్వే కదా నా మాట చెప్పేది? ఇంకొంచెం కలిపి చెప్పు. బయటి నుంచి గడియ పెట్టాడని చెప్పు. ఆయన తలుపు కొడుతుంటే తీయలేదని చెప్పు. నేను తల ఊపుతాను. వాడు ఊపినట్టే ఊపుతాను.”

“గడియ పెట్టాడా?”

“నేను చూశానా? పెట్టే ఉంటాడు. పెట్టగలడు వాడు.”

ఒక్క గడియ. ఒక్క మాట. జెస్సికా నాలుక మీద ఆ మాట బెల్లంముక్కలా కరగసాగింది. గడియ పెట్టాడంటే ఇక అది ప్రమాదం కాదు, హత్య. ఎన్ని బెయిళ్ళు తెచ్చుకున్నా బయటికి రాలేడు. నాన్న తిన్న జైలుకూడు వాడు బతికినంత కాలం తింటాడు. ఆమెకు అది తియ్యగా ఉంది. అంత తియ్యగా ఉండటమే ఆమెను భయపెట్టింది.

“వద్దు,” అంది చివరికి. “కలిపితే మనమూ వాడే అవుతాం అని పెద్దమాటలు చెప్పను. నాకూ కలపాలనే ఉంది. కానీ మేడమ్ అంతా రికార్డు చేస్తుంది, నాకు తెలియని ఇంకెవరో వింటారు. నేను కలిపింది ఒక్క మాట దొరికినా, నువ్వు చెప్పిన నిజమంతా మళ్ళీ చేపల కథ అయిపోతుంది. వాడు నవ్వుతూ ఇంటికి పోతాడు. వాణ్ణి నవ్వనివ్వను మినారా. నువ్వు అప్పుడు ఏమన్నావో అదే అను. ఒక్క మాట ఎక్కువ వద్దు, ఒక్కటి తక్కువా వద్దు. వాడికి అదే చాలు.”

 మినారా ఉయ్యాలలోంచి షఫికాను తీసి భుజాన వేసుకుంది. మూటలో రెండు జతల బట్టలు కుక్కి, షెడ్డు తలుపుకు తాళం వేసింది.

బయట చార్లీ ఫోను చేతిలో పట్టుకుని ఉన్నాడు. “జెస్సీ, నేను మేడమ్‌కు చెప్పిన. తిట్టు, పర్వాలేదు.”

తిట్టబోయింది. అతని చెమట పట్టిన ముఖం చూసి ఆగింది. “ఏమన్నది?”

“‘ఆమె ఎక్కడుందో నాకు తెలిస్తే చాలు, ఇంకెవరికీ చెప్పకండి. నేను ఎవరి పక్షమూ కాదు, అందరినీ అడగాల్సిందే అడుగుతా’ అన్నది.”

జెస్సికా అతని చెంప గిల్లింది. “నాకు తోచలే చూడు. మంచి పని చేసినవ్ చార్లీ. ఆటో పిలువు.”

*

జెస్సికా పుట్టింట్లో సాయమ్మ వాకిట్లోనే కూర్చుని ఉంది. ఆటో దిగిన కొత్త మనిషినీ, ఆమె భుజం మీద పిల్లనూ చూసి, ఎవరు ఏమిటి అని అడగకుండా చెంబుతో నీళ్ళు అందించింది. “పిల్ల కడుపు ఎండిపోయింది గాదే. ఇటియ్యి.” షఫికా క్షణంలో ఆమె చంకలోకి మారిపోయింది.

పరంజ్యోతి లోపల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మినారా గుమ్మంలో ఆగి, కొంగు సర్దుకుని ఏదో అంది. ఆయన జెస్సికా వైపు చూశాడు.

“ఆయన్ని బయటికి మోసుకొచ్చింది మీరేనా అంటున్నది డాడీ.”

పరంజ్యోతి మచ్చలు పడ్డ చేతులు ఒళ్ళోకి లాక్కున్నాడు. “ఔనని చెప్పు. అప్పటికే పానం పోయిందని చెప్పు. జల్దీ పోలేకపోయిన, తప్పు నాదేనని చెప్పు.”

జెస్సికా ఉన్నదున్నట్టు చెప్పింది. చివరి మాటను కూడా వదిలిపెట్టలేదు. మినారా విని, తల అడ్డంగా ఊపి, ఆయన ఎదురుగా నేల మీద కూర్చుంది. మామిడికాయ పప్పూ అన్నం తెచ్చి పెడితే, ఏడాది కిందట ఒకే గదిలో ఒకే మనిషి కోసం ఏడ్చిన ఇద్దరూ ఎదురెదురుగా తిన్నారు.

తినడం అయ్యాక జెస్సికా నాన్నకు అంతా చెప్పింది. చేప సంగతి, ‘నువ్వే’ అన్న సంగతి, ప్రభాకర్ తల ఊపిన సంగతి. 

“మా ఇంట్ల కూసొని బువ్వ తిన్నడు గదనే వాడు,” అంది సాయమ్మ. “వాని నోట్ల మన్ను పడ!”

“పడ్తది నాయినమ్మా, రేపే పడ్తది. ఇనుండ్రి అందరు.” జెస్సికా కొంగు నడుముకు దోపుకుంది. ఆమె కళ్ళు మెరుస్తున్నాయి. ఆ మెరుపు కొత్త పెళ్ళికూతురుది కాదు. “తెల్లారి వ్యాన్ అస్తది, తాళం చూసి ఖాళీగ తిరిగిపోతది. మామ ఖుష్ అయితడు, తనంతట తానే పారిపోయిందనుకుంటడు. ఆఫీసుల కూసొని ‘దొంగ పెండ్లాం మేడమ్, పారిపోయింది’ అంటడు. అననియ్యాలె. అంత రికార్డయితది. ఆ మాట అయినంక మినారా లోపటికి వస్తది. దుబాసీ ఎవరు? మామనే. నన్ను చూసి కూడ ఏం అనుకోడు, బిడ్డ తండ్రికి తోడొచ్చింది, ఢిల్లీ మనిషి రాలే అనుకుంటడు. మినారా అప్పుడు చెప్పిందే మల్ల చెప్తది, ‘నువ్వే తీస్కపోయినవ్’ అని, ఆయన మొఖం మీదనే. ఆ మాటను ఆయననే తెలుగు చెయ్యాలె. నిజం చెప్తె తన నోటితోని తానే పట్టిచ్చుకుంటడు. అబద్ధం చెప్తె మేడమ్ నా దిక్కు తిరుగుతది. అప్పటిదాంక మనలో ఎవ్వరు నోరు తెర్వద్దు. మామను కడుపునిండ మాట్లాడనియ్యాలె.”

అదే మాట మినారాకు ఆమె భాషలో చెప్పింది. మినారా నవ్వలేదు. వేలితో నేల మీద ఒక గీత గీసి, వాళ్ళు రాసుకున్న అబద్ధాన్ని చెరిపినట్టు దాన్ని అరచేత్తో తుడిచేసింది.

“నన్నేడ కూసోమంటవు?” అన్నాడు పరంజ్యోతి.

“మామకు ఎదురుంగ డాడీ. ఆయన ఆ మాట నీ మొఖం చూసుకుంట చెప్పాలె.”

పరంజ్యోతి లేచాడు. దండెం మీది తెల్లచొక్కా తీసి, దులిపి, చార్లీ చేతికిచ్చాడు.

“ఇస్త్రీ చేపియ్యి అల్లుడా. పదకొండుకు గాదు, ఆఫీసు తీసేటాల్లకే పోదాం. వాడు తలుపు తీస్కొని అచ్చేటప్పటికి ఆ కుర్చీల నేనుండాలె.”